ఆదోని పత్తి దుకాణంలో ఆఫీస్ 2007 నుంచి కొత్త వెర్షన్‌కు మారడం: కొనుగోలు కన్నా ఫైళ్ల సంగతి ముందు చూసుకోండి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఆదోని మార్కెట్ యార్డు దగ్గర పత్తి కమీషన్ దుకాణం, దానికి తోడు ఒక చిన్న జిన్నింగు మిల్లు ఉన్నాయి; రెండింటి లెక్కలూ మీ చేతి మీదుగానే నడుస్తున్నాయి. ఐదు కంప్యూటర్లలో మూడింటిలో ఆఫీస్ 2007, రెండింటిలో ఆఫీస్ 2016 ఉన్నాయి. ఆడిటరు గారు పంపుతున్న ఎక్సెల్ ఫైళ్లలో కొన్ని సెల్స్ తప్పు చూపిస్తున్నాయి కాబట్టి యజమాని అన్నింటికీ ఆఫీస్ 2024 కొనమన్నారు. ఏటేటా చందా కట్టే మైక్రోసాఫ్ట్ 365 తీసుకోవాలా, ఒక్కసారి కొనేది తీసుకోవాలా, 2005 నుంచి పేరుకున్న ఫైళ్లు ఏమవుతాయి, అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఉత్తరాలు తెరుచుకుంటాయా, ఎప్పుడు మారితే మంచిది అన్నవి మీ ప్రశ్నలు. కర్నూలు, నంద్యాల, ఆదోని ప్రాంతాల్లోని దుకాణాలకూ మిల్లులకూ ఇటువంటి మార్పిడులు చేసిపెట్టడం చాలా ఏళ్లుగా నా వృత్తి కాబట్టి కొంత విపులంగానే రాస్తున్నాను. ఏది కొనాలన్నది ఒక పూటలో తేలిపోయే విషయం. మీ పాత ఫైళ్లు కొత్త వెర్షన్‌లో పాత అంకెలనే చూపిస్తున్నాయని రూఢి చేసుకోవడమే అసలు పని, దానికే ఎక్కువ సమయం కేటాయించాలి.

ముందుగా, మారడం అవసరమా అంటే అవసరమే. ఆఫీస్ 2007కు మైక్రోసాఫ్ట్ భద్రతా సవరణలు ఇవ్వడం 2017 అక్టోబరు 10తో ఆగిపోయింది. ఆఫీస్ 2016కు, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న ఒకే రోజు గడువు ముగిసింది. గడువు ముగిసినంత మాత్రాన ప్రోగ్రాం పని చేయడం మానదు. కానీ ఊరూరి వ్యాపారుల నుంచి మెయిల్‌లో వచ్చే ఫైళ్లను రోజూ తెరిచే దుకాణంలో, కొత్తగా బయటపడే లోపాలకు మందు లేని ప్రోగ్రాంను నడపడం క్షేమం కాదు. ఇక ఆడిటరు గారి ఫైళ్లలో కనిపించే తప్పుకు కారణం చాలావరకు జాబితాలో వెతికి విలువ తెచ్చే ఎక్స్‌లుకప్ వంటి కొత్త ఫంక్షన్లే అయివుంటుంది. ఒక్కసారి కొనే వెర్షన్లలో ఇవి 2021 నుంచే ఉన్నాయి. పాత ఎక్సెల్ అటువంటి ఫైలును తెరిచినప్పుడు చివరిసారి లెక్కించిన విలువనే చూపిస్తుంది, కనుక మొదట అంతా బాగానే ఉన్నట్టు కనబడుతుంది; ఆ సెల్‌ను తిరిగి లెక్క వేయవలసి వచ్చిన క్షణంలో మాత్రం విలువ పోయి నేమ్ ఎర్రర్ (ఆ పేరు తెలియదన్న తప్పు గుర్తు) వస్తుంది. ఉదయం సరిగ్గా ఉన్నది సాయంత్రానికి ఎందుకు చెడిందని మీరు రాసిన దానికి సమాధానం ఇదే. మీ 2016లో కూడా ఇదే జరుగుతుంది కాబట్టి, ఆ రెండు కంప్యూటర్లను అలాగే ఉంచి మూడింటినే మార్చాలన్న ఆలోచన ఉంటే మానుకోవడం మంచిది.

కొనుగోలు విషయంలో నా సలహా ఒక్కసారి కొనే 2024 వైపే మొగ్గుతుంది. దానికి 2029 అక్టోబరు 9 వరకు సవరణలు వస్తాయి. మీ పని అంతా లెక్కలు, ఉత్తరాలు, ప్రింట్లు. బయటి ఊళ్ల నుంచి నలుగురు ఒకే ఫైలులో ఒకేసారి పనిచేసే అవసరం మీకు లేదు. ఆ అవసరం ఉన్నవారికి, మెయిల్ కూడా సొంత డొమైన్‌లో కావాలనుకునేవారికి 365 చందా నిజంగా ఉపయోగపడుతుంది. అయితే చందా విషయంలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. వ్యాపార చందాలో ఒక వ్యక్తి పేరు మీద ఐదు కంప్యూటర్లలో వేసుకునే హక్కు ఉంటుంది. అది ఆ ఒక్క వ్యక్తి వాడే ఐదు కంప్యూటర్లకే గానీ ఐదుగురు గుమాస్తాలకు కాదు. ఇంటివారి కోసం ఉద్దేశించిన ఫ్యామిలీ చందాను దుకాణంలో వాడటం కూడా నిబంధనలకు విరుద్ధమే. తక్కువ ధరకు వస్తోందని ఎవరైనా 2021 చూపిస్తే తీసుకోకండి, దాని గడువు 2026 అక్టోబరు 13తోనే ముగుస్తుంది. కొన్ని వందల రూపాయలకు వాట్సాప్‌లో పంపే లైసెన్సు కీల జోలికి అసలే పోవద్దు. అవి ఎక్కువగా ఏదో పెద్ద సంస్థకు టోకుగా ఇచ్చిన కీలే, ఏదో ఒక రోజు పనిచేయకుండా పోయినప్పుడు అమ్మినవారు ఫోను ఎత్తరు. ఐదు కాపీలు కొన్నప్పుడు ఏ కీ ఏ కంప్యూటరుకు, ఏ మెయిల్ ఖాతా మీద నమోదైందో బిల్లుతో పాటు ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఆ ఖాతా వెళ్లిపోయిన గుమాస్తా సొంత మెయిల్ కాకుండా దుకాణం పేరు మీద ఉండాలి.

డబ్బు కట్టే ముందు కంప్యూటర్లను ఒకసారి చూడండి. 2024 వెర్షన్ విండోస్ 10, 11 మీద మాత్రమే ఎక్కుతుంది; 4 జీబీ ర్యామ్, 4 జీబీ ఖాళీ స్థలం కనీసం ఉండాలి, నా దృష్టిలో 8 జీబీ ర్యామ్ లేనిదే పని చురుగ్గా సాగదు. 2007 ఉన్న మీ మూడు కంప్యూటర్లు ఇంకా విండోస్ 7 మీద ఉన్నట్టయితే ఖర్చు అంచనాలో కొత్త కంప్యూటర్లను కూడా కలుపుకోవలసిందే, ఎందుకంటే విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలి. ఉత్తరాలు, జాబితాలు మాత్రమే టైపు చేసే కంప్యూటరు ఏదైనా ఉంటే దానిలో ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ వేసుకున్నా సరిపోతుంది. మాక్రోలు (పనులను తమంత తాము చేసిపెట్టే చిన్న ప్రోగ్రాంలు) ఉన్న ఎక్సెల్ ఫైళ్లను మాత్రం దాని మీద ఆధారపడి నడపవద్దు.

ఆఫీసులో 32 బిట్ రకమా, 64 బిట్ రకమా (ప్రోగ్రాం కంప్యూటరు మెమొరీని వాడుకునే రెండు పద్ధతులు) అన్న ప్రశ్న మీరు అడగలేదు గానీ అడిగి ఉండవలసింది. ఇప్పుడు ఏమీ ఎంచుకోకపోతే 64 బిట్టే ఎక్కుతుంది. ఒకే కంప్యూటరులో 32 బిట్ పాత ఆఫీస్ ఉండగా 64 బిట్ కొత్తది ఎక్కదు, పాతదాన్ని తీసేయాల్సి వస్తుంది. విండోస్‌ను నేరుగా పిలిచే పాత మాక్రోలు 64 బిట్‌లో సవరణ లేకుండా నడవవు. లెక్కల ప్రోగ్రాం ట్యాలీ నుంచి ఓడీబీసీ (ప్రోగ్రాంల మధ్య డేటా అందించే వారధి) ద్వారా ఎక్సెల్‌లోకి అంకెలు లాగుతున్నట్టయితే రెండూ ఒకే బిట్‌లో ఉండాలి. మీ ట్యాలీ, మీ మాక్రోలు 32 బిట్‌వే అయితే ఆఫీసును కూడా 32 బిట్‌లోనే తీసుకోవడానికి సంకోచించనక్కరలేదు, మీ పరిమాణంలోని ఫైళ్లకు దానివల్ల ఏ లోటూ ఉండదు.

ఇప్పుడు ఫైళ్లు. పాత ఎక్స్‌ఎల్ఎస్ ఫైళ్లు 2024లో తెరుచుకుంటాయి, కాబట్టి అన్నింటినీ కొత్త ఎక్స్‌ఎల్ఎస్‌ఎక్స్ రూపంలోకి మార్చి తీరాలన్న నియమం లేదు. ముగిసిపోయిన సంవత్సరాల ఫైళ్లను అసలు ముట్టుకోవద్దు. రోజూ వాడే ఫైళ్లను మాత్రం మార్చడం మంచిది, ఎందుకంటే పాత రూపంలో ఒక షీటుకు 65,536 అడ్డు వరుసలు, 256 కాలమ్‌లే ఉంటాయి. కొత్తదానిలో 10,48,576 అడ్డు వరుసలు, 16,384 కాలమ్‌లు ఉంటాయి. సీజనులో లాట్ల వారీగా నమోదు చేసే షీటు నాలుగైదు ఏళ్లకు ఆ మొదటి హద్దును తాకుతుంది.

మార్చేటప్పుడు వచ్చే చిక్కుల్లో మొదటిది లింకులు. మీ దుకాణంలో కూడా ఆనాటి ధరలు ఒక ఫైలులో ఉండి, రైతుకు ఇచ్చే అమ్మకపు లెక్క చీటీ, అంటే తక్‌పట్టీ తయారయ్యే ఫైలు ఆ ధరలను అక్కడి నుంచి తీసుకుంటూ ఉండవచ్చు. ధరల ఫైలును కొత్త రూపంలో సేవ్ చేస్తే పాతది చెరిగిపోదు. అదే ఫోల్డరులో అదే పేరుతో, వేరే తోకతో (పేరు చివరి ఎక్స్‌టెన్షన్‌తో) పక్కనే ఉంటుంది. మర్నాటి నుంచి గుమాస్తా కొత్త ఫైలులో ధర వేస్తాడు, తక్‌పట్టీ ఫైలు పాతదానినే చదువుతూ ఉంటుంది. ఎర్రర్ రాదు, ఏ హెచ్చరికా కనబడదు. తూకం సరిగ్గా ఉంటుంది, హమాలీ, కమీషన్ కోతలు సరిగ్గా ఉంటాయి, క్వింటా ధర మాత్రం మార్పిడి జరిగిన నాటిదే నిలిచిపోతుంది. రైతు తక్‌పట్టీ పట్టుకుని తిరిగి వచ్చినప్పుడు గానీ విషయం తెలియదు. దీనికి విరుగుడు తేలిక. ఒకదానితో ఒకటి ముడిపడిన ఫైళ్లను అన్నింటినీ ఒకేసారి తెరిచి ఉంచి, ముందు ధరలు ఇచ్చే ఫైలును కొత్త రూపంలో సేవ్ చేసి, ఆ తర్వాత వాటిని తీసుకునే ఫైలును సేవ్ చేయాలి. అప్పుడు లింకు తనంతట తానే కొత్త ఫైలుకు మారుతుంది. పిమ్మట డేటా ట్యాబులో లింకుల జాబితా తెరిచి ఒక్కటి కూడా పాత తోకతో మిగలలేదని చూసుకోండి. ఆపైన పాత ఎక్స్‌ఎల్ఎస్ ఫైళ్లను ఆ ఫోల్డరు నుంచి వేరే చోటికి తరలించండి. అప్పుడు మరిచిపోయిన లింకు ఏదైనా ఉంటే నోరు తెరిచి అడుగుతుంది.

రెండో చిక్కు పేర్లది, దీని గురించి చాలామందికి తెలియదు. పాత ఎక్సెల్‌లో కాలమ్‌లు రెండు అక్షరాలతో, ఐవీతో ముగిసేవి కాబట్టి పన్ను శాతం ఉన్న సెల్‌కు వ్యాట్4 అనో, తర్వాతి కాలంలో జీఎస్టీ5 అనో ఇంగ్లిషు అక్షరాల్లో పేరు పెట్టుకోవడం వీలయ్యేది. మన రాష్ట్రంలో వ్యాట్ 2005 ఏప్రిల్ 1న వచ్చింది, మీ ఫైళ్లు కూడా ఆనాటివే కనుక ఇటువంటి పేర్లు తప్పక ఉంటాయి. కొత్త రూపంలో కాలమ్‌లు ఎక్స్ఎఫ్‌డీ దాకా మూడు అక్షరాలకు పెరిగాయి. దాంతో వ్యాట్ అన్న మూడు అక్షరాలూ, జీఎస్టీ అన్న మూడు అక్షరాలూ షీటులో కుడివైపు ఎక్కడో నిజంగా ఉన్న కాలమ్‌ల పేర్లయ్యాయి. ఫైలును మార్చేటప్పుడు ఎక్సెల్ ఆ పేర్లకు ముందు ఒక అండర్‌స్కోర్ చేర్చి, అదే ఫైలులోని ఫార్ములాలను తానే సరిదిద్దుతుంది. మాక్రోల లోపల రాసి ఉన్న పేర్లను మాత్రం సరిదిద్దదు. అప్పుడు మాక్రో పన్ను శాతం కోసం వెతికి, ఆ దూరపు కాలమ్‌లోని ఖాళీ సెల్‌ను చదివి, పన్ను సున్నా అని బిల్లు వేస్తుంది. కాబట్టి మార్చడానికి ముందే ఫార్ములాస్ ట్యాబులోని నేమ్ మేనేజర్ తెరిచి, మూడు లేదా అంతకు తక్కువ అక్షరాల తర్వాత అంకె వచ్చే పేర్లన్నింటినీ గుర్తించి, మధ్యలో అండర్‌స్కోర్ ఉండేలా మీరే మార్చి, మాక్రోలలోనూ అదే మార్పు చేయండి.

మూడోది, చెక్కుల మీదా బిల్లుల మీదా రూపాయలను అక్షరాల్లో రాసే ఫంక్షన్. ఇది ఎక్సెల్‌తో వచ్చేది కాదు, ఎప్పుడో ఎవరో చేర్చిన యాడ్-ఇన్ ఫైలు. మీరు దాన్ని కొత్త కంప్యూటరుకు తీసుకువెళ్లకపోతే ఆ సెల్‌లో పాత కంప్యూటరులోని దారి పేరో, నేమ్ ఎర్రరో కనబడుతుంది. పాత కంప్యూటరులో యాడ్-ఇన్స్ జాబితా, ఎక్స్ఎల్‌స్టార్ట్ ఫోల్డరు, వర్డ్ టెంప్లేట్ల ఫోల్డరు మూడూ చూసి, అక్కడున్నవి నకలు తీసి పెట్టుకోండి. లెటర్‌హెడ్ మార్జిన్లు, తరచు వాడే వాక్యాలు వర్డ్‌లోని నార్మల్ టెంప్లేట్‌లో దాగి ఉండవచ్చు. 2007లో కొత్త పత్రానికి క్యాలిబ్రి ఫాంటు వస్తుంది, 2024లో ఆప్టోస్ వస్తుంది. అచ్చు వేయించిన లెటర్‌హెడ్ మీద ఉత్తరం ఒక పేజీ దాటి రెండో పేజీకి పోవడానికి ఆ తేడా చాలు.

మాక్రోల గురించి ఇంకొక మాట. ఇంటర్నెట్ నుంచి దించుకున్న ఫైళ్లలోని మాక్రోలను ఆపివేసే పద్ధతి 2022 నుంచి అమల్లోకి వచ్చింది. జీఎస్టీ పోర్టల్ నుంచి వార్షిక రిటర్ను కోసం దించుకునే ఎక్సెల్ ఫైలు మాక్రోలతోనే నడుస్తుంది కాబట్టి, కొత్త ఆఫీసులో అది తెరవగానే ఎర్ర పట్టీ కనబడి బటన్లు ఏవీ పనిచేయవు. ఫైలును మూసి, దాని మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కింద ఉన్న అన్‌బ్లాక్ గడిలో టిక్కు పెట్టి ఓకే అంటే సరిపోతుంది. జిప్ ఫైలుగా వస్తే విప్పడానికి ముందే జిప్‌కు ఈ పని చేయండి. దీనికోసం మాక్రో సెట్టింగులను మొత్తంగా వదులు చేయమని ఎవరైనా చెబితే వినవద్దు; అది ఒక్క ఫైలు కోసం దుకాణం తలుపులన్నీ బార్లా తీసిపెట్టడమే.

కొత్త కంప్యూటరులో విండోస్ ప్రాంతీయ సెట్టింగు ఇంగ్లిష్ ఇండియాగా ఉందో లేదో చూడటం మరిచిపోకండి. అమెరికా సెట్టింగు ఉంటే 12,34,567 అని రావలసింది 1,234,567 అని వస్తుంది. అది కంటికి తెలుస్తుంది కనుక పరవాలేదు. బ్యాంకు నుంచి దించుకున్న, కామాలతో విడదీసిన సీఎస్‌వీ ఫైలులో ఏప్రిల్ 3వ తేదీ మార్చి 4గా మారిపోవడం మాత్రం కంటికి తెలియదు.

తెలుగు ఉత్తరాల విషయానికి వస్తే, అను ఫాంట్లలో టైపు చేసిన పత్రంలో కంప్యూటరు దృష్టికి ఉన్నవి ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు మాత్రమే. వాటికి తెలుగు ఆకారం ఇచ్చేది ఆ ఫాంటు. ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థం లేని అక్షరాలు కనబడతాయి, ఫాంటు వేస్తే తిరిగి వస్తాయి. అంతవరకు భయం లేదు. భయం ఉన్నది వర్డ్‌లోని ఆటోకరెక్ట్ వద్ద. మీ పాత కంప్యూటరులో ఎవరో దాన్ని ఆపివేసి ఉంటారు, కొత్తగా వేసిన ఆఫీసులో అది మళ్లీ పనిచేస్తూ ఉంటుంది. వాక్యం మొదటి అక్షరాన్ని ఇంగ్లిషు పెద్ద అక్షరం చేయడం, నిటారు కొటేషన్ గుర్తును వంపు గుర్తుగా మార్చడం ఇంగ్లిషుకు ఉపకారమే గానీ, అనులో చిన్న అక్షరం ఒక తెలుగు ఆకారం, పెద్ద అక్షరం మరొక ఆకారం కనుక మీరు కొట్టిన అక్షరం స్థానంలో వేరొకటి, కొటేషన్ గుర్తు కీ మీద ఉన్న ఒత్తు స్థానంలో మరేదో వచ్చి కూర్చుంటుంది. ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్‌లోకి వెళ్లి ఆటోకరెక్ట్‌లోని ఆ రెండింటినీ తీసేసిన తర్వాతే ఆ కంప్యూటరులో అను వాడండి.

ఇకపై రాసే ఉత్తరాలను, ప్రతి తెలుగు అక్షరానికీ ప్రత్యేక సంకేతం ఉండే యూనికోడ్‌లో రాయడం అలవాటు చేసుకోమని నా గట్టి సలహా. అలా రాసినవాటిలో రైతు పేరు కొట్టి వెతకవచ్చు, వాట్సాప్‌లో అతికించవచ్చు, అధికారులకు మెయిల్‌లో పంపవచ్చు. విండోస్‌తో వచ్చే నిర్మల ఫాంటు చాలు, అచ్చు అందంగా కావాలంటే మండలి, రామభద్ర, సురన్న వంటివి ఉచితంగా దొరుకుతాయి. ఇదివరకే గౌతమి ఫాంటులో యూనికోడ్ పత్రాలు ఉంటే, కొత్త విండోస్‌లో అది ముందుగా ఉండదు. సెట్టింగుల్లో ఆప్షనల్ ఫీచర్స్ కింద తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని చేర్చుకోవాలి, లేకపోతే వరుసల ఎత్తు మారి పేజీలు జరుగుతాయి. పాత అను ఉత్తరాలను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి. ఒప్పంద పత్రాల వంటి ముఖ్యమైనవాటినే మార్చి, ఒత్తులను ఒకటికి రెండుసార్లు చదివి చూసుకోండి, మిగిలినవాటిని పీడీఎఫ్ చేసి పక్కన పెట్టండి.

చందా 365 వైపే యజమాని మొగ్గితే ఒక హెచ్చరిక. దానిలో వన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైలును తెరిచి మారుస్తుంటే మార్పులు అప్పటికప్పుడే సేవ్ అయిపోతుంటాయి. మన దుకాణాల్లో మార్చి నెల ఫైలును తెరిచి, అంకెలు చెరిపి, చివర్లో ఏప్రిల్ అని వేరే పేరుతో సేవ్ చేసే అలవాటు చాలా ఎక్కువ. ఆ అలవాటుతో మార్చి ఫైలే ఖాళీ అయిపోతుంది. వెర్షన్ చరిత్ర నుంచి తిరిగి తెచ్చుకోవచ్చు గానీ, ముందుగా ఫైలును నకలు తీసి ఆ తర్వాతే తెరవడం గుమాస్తాలకు నేర్పించండి. ఆప్షన్స్‌లో సేవ్ అన్నచోట కంప్యూటరులోనే సేవ్ చేయాలన్న గడికి టిక్కు పెట్టినా కొంత మేలు.

ఎప్పుడు అన్న ప్రశ్నకు నా సమాధానం జూన్ నెల, అందులోనూ 21వ తేదీ తర్వాత. అక్టోబరు నుంచి యార్డుకు పత్తి రావడం మొదలై జనవరి దాకా మీకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. సెప్టెంబరు ఆడిట్ నివేదికతో, డిసెంబరు జీఎస్టీ వార్షిక రిటర్నుతో, ఏప్రిల్ కొత్త ఖాతాలతో పోతాయి. మే 31న టీడీఎస్ రిటర్ను ఉంటుంది. నెలనెలా దాఖలు చేసేవారికి 11న అమ్మకాల వివరాల రిటర్ను జీఎస్టీఆర్-1, 20న పన్ను కట్టే రిటర్ను 3బీ ఉంటాయి కాబట్టి 21 దాటాక నెలాఖరు వరకు దొరికే రోజులే అనువైనవి. ముందు ఒక్క కంప్యూటరును, అదీ మీరు స్వయంగా వాడేదాన్ని మార్చండి. ఏప్రిల్, మే నెలల తక్‌పట్టీలు, బిల్లులు దానిలో మళ్లీ వేసి, పాత మొత్తాలతో పైసతో సహా సరిపోల్చండి. అవి కలిసిన తర్వాతే మిగిలిన నాలుగు. అంతకుముందే డేటా మొత్తాన్ని బయటి హార్డ్‌డిస్కులోకి నకలు తీసి, దాన్ని వేరే కంప్యూటరుకు తగిలించి నాలుగు ఫైళ్లు తెరిచి చూసి, ఆపై విడదీసి దాచండి. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నా లేనట్టే లెక్క.

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు వాడుతున్నట్టయితే కొత్త విండోస్‌కు దాని డ్రైవరు దొరుకుతుందా అన్నది కొనడానికి ముందే చూడండి, తక్‌పట్టీ కాగితం కొలతను ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో కొత్త ఫారంగా చేర్చుకోండి. ఎక్సెల్ పేజీ విరుపులు ప్రింటరు డ్రైవరును బట్టి మారతాయి కాబట్టి ఈ పరీక్ష కూడా ఆ మొదటి కంప్యూటరు మీదే జరగాలి.

2007 ఉన్న కంప్యూటర్లలో బాగున్న ఒకదాన్ని అమ్మేయకుండా ఉంచండి. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలను ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు భద్రపరచాలి; ఆ కాలంలో ఏ అధికారి అయినా పాత బిల్లు అడిగితే, అది తయారైన ప్రోగ్రాంలోనే తెరిచి చూపించగలిగితే మేలు. ఆ కంప్యూటరుకు ఇంటర్నెట్ తీగ తీసేయండి, పాత ఎక్స్‌ఎల్ఎస్ ఫోల్డరును చదవడానికి మాత్రమే అనుమతి ఉండేలా మార్చండి, ఒక ప్రింటరు తగిలించి ఉంచండి. దానిలో కొత్త ఎంట్రీలు వేయకూడదని గుమాస్తాలకు స్పష్టంగా చెప్పండి. మీ మాక్రోలలో విండోస్‌ను నేరుగా పిలిచే వరుసలు ఉన్నాయేమో తేల్చుకోలేకపోతే, డిక్లేర్ అనే మాట ఉన్న వరుసలను మాత్రం ఇక్కడ పెట్టండి, 64 బిట్‌లో నడుస్తాయో లేదో చూసి చెబుతాను.